పది నిమిషాలు

ఉలాన్‌బాతర్. మైనస్ ముప్పై ఒకటి.
బొగ్గుపొగ వీధిలో మోకాలెత్తున పడుకుని ఉంది,
పిలవని పేరంటానికి వచ్చినట్టు
గరాజు రేకు తలుపు కిందనుంచి దూరుతోంది.

న్యామ్‌సురెన్ వెనక సీటు ఊడదీసి
నారింజరంగు పిడి పట్టి లాగాడు.
టక్.
దాన్ని ఇంటి తాళంచెవిలా జేబులో వేసుకున్నాడు.
"ఇంక పది నిమిషాలు ఎవరూ చెయ్యి పెట్టొద్దు."

"ఆపేశావుగా?" అంది ఖొంగోర్జుల్.
టాక్సీ ఆమెది. దాని మీది అప్పూ ఆమెదే.

"పొయ్యి ఆర్పగానే పెనం చల్లారుతుందా?
రెండు వందల వోల్టులమ్మా ఇది.
ముందు పక్క డబ్బాలో కాస్త మిగిలే ఉంటుంది.
కోపం దిగాలి."

ఆమె ఫ్లాస్కులోంచి ఉప్పు వేసిన పాలటీ వంచింది.
జపాన్‌లో ఎవరో తొమ్మిదేళ్ళు తిప్పి వదిలేసిన కారు.
స్టీరింగు కుడివైపు, నడవాల్సిందీ కుడివైపే,
ముందున్న లారీని దాటాలంటే
పక్క సీటులోకి ఒరిగి తొంగి చూడాలి.
బటన్ నొక్కగానే ఒక ఆడగొంతు
మెత్తగా జపానీలో ఏదో అంటుంది.
నాలుగేళ్ళుగా ఆమెకది దీవెన.
ఆ మాట చెవిన పడందే రాత్రి బేరానికి కదలదు.

"ఈ పెట్టె ఉంది చూశావూ,
ఎప్పుడూ నిండా తినదు. ఎప్పుడూ పస్తుండదు.
నూటికి నలభైకీ ఎనభైకీ మధ్యే దాని కాపురం.
అందుకే ఇన్నేళ్ళు ఉంది."

"నా పర్సు అడుగంటా చూసింది చాలాసార్లు,
అదీ ఉంది ఇన్నేళ్ళూ."

"బ్రేకు తొక్కినప్పుడల్లా కొంచెం వెనక్కి వస్తుంది."

ఆమె టీ కప్పులోకి చూసి అంది:
"చేజారింది ఏదైనా వెనక్కి రావడం
ఈ కారులోనే చూశాను."

మీటరు పెట్టి చూశాడు. సున్నాకి దగ్గర.
లావు రబ్బరు తొడుగుల్లోకి ఊపిరి ఊది
బూరల్లా ఉబ్బించి చెంపకి ఆనించుకున్నాడు,
చిల్లు లేదు.
అప్పుడు మూత తీశాడు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది.
ఇక్కడ ఇరవై ఎనిమిదీ పట్టి చూడాలి.
ఏడున్నర. ఏడు పాయింట్ ఆరు. ఏడున్నర.
పంతొమ్మిదోది ఆరు పాయింట్ మూడు.

"ఇదిగో. దీని బరువు మిగతా ఇరవై ఏడూ మోస్తున్నాయి."

ఫాను విప్పితే తెల్లటి ఉన్ని, పిడికెడు.
పోయిన వసంతంలో ఆమె మోసిన కష్మీరీ మూటలది.
మేకలు వదిలిన వెచ్చదనం
గాలిదారిలో గడ్డకట్టి
ఒకదానికి ఊపిరి ఆపింది.

"కొత్తది వెయ్యి. కంతుల్లో కడతాను."

"కొత్తది పాతవాళ్ళతో పొసగదు.
వేడిలో, చలిలో దీనంతగా అలిసింది కావాలి."

అరమీద సుద్దతో అంకెలు రాసిన ముక్కల్ని
పెళ్ళి సంబంధాలు చూసినట్టు ఒక్కొక్కటే చూశాడు.
ఏదో గుద్దుకున్న కారులోంచి తీసిన ఒకటి
ఏడు పాయింట్ అయిదు దగ్గర నిలబడింది.

రాగిపట్టీల పచ్చ చిలుము గీకాడు. మరలు బిగించాడు.
జేబులోంచి నారింజ పిడి తీసి తిరిగి పెట్టాడు.
ఆమె బటన్ నొక్కింది.
గొంతు పలికింది.

మూల టైరు తుడుస్తున్న తుమెన్ పకపకా నవ్వాడు.
నగోయాలో రెండేళ్ళు గిన్నెలు కడిగొచ్చిన కుర్రాడు.
"అక్కా, అదేమంటోందో తెలుసా?
కార్డు పెట్టలేదు అంటోంది. టోల్‌గేటు కార్డు."

"ఏ టోల్‌గేటు?"

"ఇక్కడ లేనిది."

ఖొంగోర్జుల్ కాసేపు మాట్లాడలేదు.
తర్వాత డబ్బు లెక్కపెట్టి సగం పైన చేతిలో పెట్టింది.
"నిండా ఇవ్వను, ఖాళీగా పంపను. నీ పెట్టె లెక్కే."
న్యామ్‌సురెన్ తిట్టబోయి, టీ అడిగాడు.

మర్నాడు చీకటితో బటన్ నొక్కితే
అదే మెత్తని గొంతు, అదే మాట.
"లేదులే తల్లీ," అని
గేరు వేసింది.